ఎండకు విప్పారే గొడుగులు

కళ్లద్దాల షాపులో ఓ చిన్న గారడీ చేసి చూపిస్తారు. తెల్లగా, మామూలుగా ఉన్న లెన్సు మీద పెన్ను లాంటి టార్చి వేస్తారు. ఊదారంగు వెలుగు... కొన్ని సెకన్లు అంతే, వెలుగు పడినచోట నల్లటి మచ్చ! టార్చి ఆపేస్తే మచ్చ మెల్లమెల్లగా మాయం. ‘చూశారుగా సార్, నీడలో పవర్ గ్లాస్, ఎండలో కూలింగ్ గ్లాస్. రెండు జోళ్లు మోసే బాధ లేదు’ అంటాడు షాపతను. పక్కనున్న పిల్లలు కళ్లింత చేసుకుని చూస్తారు. ఇంకేం, మామూలు లెన్సుల కంటే ఎక్కువే పెట్టి కొనేస్తాం.

అసలు కథ మే నెలలో మొదలవుతుంది. మిట్టమధ్యాహ్నం, నెత్తి మాడిపోయే ఎండ. ఇప్పుడు కదా నల్లబడాలి! తీరా చూస్తే పల్చటి టీ నీళ్ల రంగు. డిసెంబరు ఉదయం వాకింగుకి వెళ్లినప్పుడేమో నల్లద్దాల హీరోలా కనిపించారు. ‘ఎండ తక్కువున్నప్పుడు నల్లబడి, ఎక్కువున్నప్పుడు తెల్లబోతుందేంటి? అంటగట్టేశాడు’ అని షాపతన్ని తిట్టుకుంటాం. పాపం, చాలాసార్లు అందులో అతని తప్పు లేదు. లెన్సు తప్పూ కాదు. ఆ లెన్సు లోపల ఉన్న రంగు అణువుల తీరే అంత!

ముడుచుకుంటే తెలుపు... విచ్చుకుంటే నలుపు

ఫొటోక్రోమిక్ అంటారు వీటిని. షాపుల్లో ఫొటోక్రోమటిక్ అన్నా అదే. వెలుతురును బట్టి రంగు మార్చుకునేవి అని అర్థం. ప్లాస్టిక్ లెన్సు పైపొరలో కోటానుకోట్ల రంగు అణువులు ఇమిడి ఉంటాయి. వీటిలో ఎక్కువగా వాడేవి నాఫ్తోపైరాన్లు అనే రకం. పేరు నోరు తిరక్కపోయినా ఫర్వాలేదు, పని మాత్రం తేలిగ్గా అర్థమవుతుంది.

నీడలో ఉన్నప్పుడు ఈ అణువు మడిచిన గొడుగులా ఉంటుంది. అందులో ఓ చిన్న వలయం మూసి ఉంటుంది. ఆ స్థితిలో మన కంటికి కనిపించే వెలుగు దాన్నేమీ చేయలేదు. అది దూరి వెళ్లిపోతుంది. అందుకే లెన్సు తెల్లగా కనిపిస్తుంది. ఎండలోకి రాగానే సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణం వచ్చి తగులుతుంది. దాని దెబ్బకు వలయంలో కార్బన్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య ఉన్న బంధం పుటుక్కున తెగుతుంది. ముడి వీడిన అణువు చాప పరిచినట్టు విచ్చుకుంటుంది. అంతవరకూ చిన్న చిన్న గదుల్లో తిరుగుతున్న ఎలక్ట్రాన్లకు ఇల్లంతా తెరిచినట్టవుతుంది. ఎలక్ట్రాన్లు తిరిగే చోటు పెరిగేకొద్దీ తక్కువ శక్తి ఉన్న కాంతిని కూడా అణువు పీల్చుకోగలదు. అంటే మన కంటికి కనిపించే కాంతిని కూడా. అలా పీల్చుకోవడమే మనకు నల్లదనంగా కనిపించేది.

ఇందులో ఇంకో చమత్కారం ఉంది. ఒక్క రకం అణువుతో బూడిదరంగు రాదు. ఒకటి నీలం ఇస్తుంది, ఒకటి పసుపు, మరొకటి ఎరుపు. వాటిని పాళ్లు చూసి కలిపితేనే కళ్లకు హాయిగా ఉండే బూడిద రంగో గోధుమ రంగో వస్తుంది. కలిపితే చాలదు, అన్నీ ఒకే వేగంతో విచ్చుకోవాలి, ఒకే వేగంతో ముడుచుకోవాలి. లేదంటే నీడలోకి వచ్చిన రెండు నిమిషాలకు మనం ఆకుపచ్చ కళ్లద్దాలతోనో గులాబీ కళ్లద్దాలతోనో కనిపిస్తాం!

ముందు గాజు... తర్వాత ప్లాస్టిక్

వెలుగుకు రంగు మారే పదార్థాల సంగతి కొత్తదేం కాదు. టెట్రాసీన్ అనే పదార్థం కలిపిన నారింజరంగు ద్రావణం పగటి వెలుగులో వెలిసిపోయి, చీకట్లో పెడితే మళ్లీ రంగు తెచ్చుకోవడాన్ని 1867లోనే ఫ్రిట్షే అనే రసాయన శాస్త్రవేత్త రాసిపెట్టాడు. ఫొటోక్రోమిజం అన్న పేరు మాత్రం 1950లో వచ్చింది. పెట్టినాయన ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో పనిచేసిన యూదా హిర్ష్‌బర్గ్.

కళ్లద్దాల్లోకి ఇది మొదట వచ్చింది గాజు రూపంలో. అమెరికాలోని కార్నింగ్ గ్లాస్ వర్క్స్‌లో విలియం ఆర్మిస్టెడ్, డొనాల్డ్ స్టూకీ అనే ఇద్దరు 1960ల తొలినాళ్లలో తయారు చేసిన గాజు అది. అందులో రంగు అణువులు లేవు. పాతకాలం ఫొటో ఫిల్ములో ఉండే వెండి లవణాల్లాంటివే, కంటికి కనిపించనంత చిన్న స్ఫటికాలుగా గాజులో నిండి ఉండేవి. వెలుగు తగలగానే వెండి విడిపోయి గాజు నల్లబడేది. ఫిల్ము ఒకసారి నల్లబడితే మళ్లీ తెల్లబడదు కదా, మరి గాజెలా తెల్లబడింది? ఫిల్ములో వెండి నుంచి విడిపోయిన క్లోరిన్, బ్రోమిన్ లాంటివి తప్పించుకుపోతాయి. గాజులో పోవడానికి దారే లేదు. పోట్లాడుకున్న ఇద్దర్నీ ఒకే గదిలో పెట్టి తలుపేసినట్టు! వెలుగు పోగానే మళ్లీ కలిసిపోతాయి.

ఆ గాజుతో ఓ చిక్కుండేది. నల్లదనం గాజు మందమంతా నిండి ఉండటంతో, మందం ఎక్కువున్నచోట ఎక్కువ నల్లబడేది. మైనస్ పవర్ బాగా ఉన్నవాళ్ల అద్దాలు అంచుల్లో ముదురుగా, మధ్యలో లేతగా కనిపించేవి. పైగా బరువు. ముక్కు మీద రెండు గుంటలు పడాల్సిందే.

అందరూ ప్లాస్టిక్ లెన్సులకు మారిపోయాక వెండి ఉపాయం పనికిరాలేదు. గాజును కరిగించే వేడిలో ప్లాస్టిక్ బూడిదైపోదూ! అప్పుడు కార్బన్‌తో తయారయ్యే రంగు అణువుల వంతు వచ్చింది. దానికీ ఓ అడ్డంకి. ద్రవంగా ఉన్న ప్లాస్టిక్‌ను గట్టిపరచడానికి పెరాక్సైడ్లు కలుపుతారు. అవి రంగు అణువుల్ని నాశనం చేసేస్తాయి. అందుకే ముందు లెన్సు పోత పోసి, తర్వాత వేడి చేస్తూ పైపొరలోకి రంగును ఇంకేలా చేసే పద్ధతి కనిపెట్టారు. సుమారు 0.15 మిల్లీమీటర్ల లోతు మాత్రమే. లెన్సు ఎంత మందమున్నా రంగు పొర మాత్రం ఒకటే కాబట్టి, అంచుల్లో ముదురు, మధ్యలో లేత అన్న గొడవ పోయింది. పీపీజీ, ఎసిలార్ కంపెనీలు కలిసి 1990లో పెట్టిన ట్రాన్సిషన్స్ ఆప్టికల్ సంస్థ ఆ మరుసటి ఏడాదే ఇలాంటి లెన్సుల్ని బజారులోకి తెచ్చింది. ఇంకేనాడూ గాజు వైపు చూడక్కర్లేకపోయింది.

బస్సులో గొడుగు విప్పినట్టు...

ఇంకే ప్లాస్టిక్‌లోనైనా ఈ రంగు కలిపేస్తే సరిపోతుందా? పోదు. అణువు విచ్చుకోవాలంటే దానికి జాగా కావాలి. కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో నిలబడి గొడుగు విప్పడానికి ప్రయత్నించండి... ఎలా ఉంటుంది? గట్టి ప్లాస్టిక్‌లో ఇరుక్కున్న రంగు అణువు పరిస్థితీ అంతే. విచ్చుకోవడం ఆలస్యం, ముడుచుకోవడం మరీ ఆలస్యం. పోనీ మెత్తటి ప్లాస్టిక్ వాడదామా అంటే, గీతలు పడి నెల తిరక్కుండా లెన్సు పాడవుతుంది. గట్టిగానూ ఉండాలి, లోపల మెత్తగానూ ఉండాలి. ఈ పీటముడి విప్పడానికే కంపెనీలు ఏళ్ల తరబడి తంటాలు పడ్డాయి. లెన్సు గట్టిగా ఉంచి, దానిపైన మెత్తటి పూత వేసి, రంగును ఆ పూతలో ఉంచడం ఒక దారి. ఆ పైన గీతలు పడకుండా మరో గట్టి పూత.

ఆస్ట్రేలియాలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓకు చెందిన రిచర్డ్ ఇవాన్స్ బృందం ఇంకో తెలివైన దారి చూపించింది. 2005లో నేచర్ మెటీరియల్స్ పత్రికలో వచ్చింది ఆ పరిశోధన. ప్లాస్టిక్ జోలికి పోకుండా, ఒక్కో రంగు అణువుకీ మెత్తటి సిలికోన్ తోకల్లాంటివి తగిలించారు. బస్సు ఎంత కిక్కిరిసినా సరే, ఎవరి చుట్టూ వాళ్లకి ఓ దూది పరుపు ఉన్నట్టన్నమాట! ఎంత గట్టి ప్లాస్టిక్‌లో ఉన్నా అణువు తన పరుపులో తాను హాయిగా విచ్చుకుంటుంది, చకచకా ముడుచుకుంటుంది.

చిల్లు కుండ లెక్క

ఇప్పుడు మన మే నెల ఫిర్యాదు దగ్గరికి వద్దాం. అణువును విప్పేది వెలుగు. మరి మూసేది ఎవరు? చీకటి అనుకుంటాం. కాదు, వేడి! నీడలోకి వచ్చాక చుట్టూ ఉన్న వేడే ఆ అణువును కదిపి కుదిపి మళ్లీ ముడిచేస్తుంది. ఎండలో ఉన్నప్పుడు కూడా వేడి తన పని ఆపదు. ఓ పక్క వెలుగు విప్పుతుంటుంది, మరో పక్క వేడి ముడుస్తుంటుంది.

చిల్లు ఉన్న కుండను కొళాయి కింద పెట్టామనుకోండి. కొళాయి ధార ఎండలోని అతినీలలోహిత కాంతి. చిల్లు వేడి. కుండలో నిలిచిన నీళ్లే లెన్సు నల్లదనం. లంబసింగిలో డిసెంబరు ఉదయం ధార మరీ పెద్దది కాకపోయినా చిల్లు చాలా చిన్నది. కుండ నిండుతుంది. లెన్సు కారునలుపు. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం ధార పెద్దదే, కానీ చిల్లు అంతకన్నా పెద్దదైపోయింది. నీళ్లెక్కడ నిలుస్తాయి? ఎండ ఎక్కువైన రోజే లెన్సు పల్చబడటంలో రహస్యం ఇదే.

అమెరికాలో మంచు పడే ఊళ్లో ఉంటున్న అబ్బాయి వేసవి సెలవులకు ఇంటికొచ్చి ‘నాన్నా, అక్కడ నల్లగా అయ్యేది, ఇక్కడికొచ్చాక ఈ జోడుకేమైంది?’ అంటే కంగారు పడనక్కర్లేదు. జోడు మారలేదు, ఊరు మారింది. ఈ లెన్సుల్ని పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణంలో మామూలు కొలత తీసేది 23 డిగ్రీల సెల్సియస్ దగ్గర. వేడికి ఎలా ఉంటాయో చూసేది 35 డిగ్రీల దగ్గర. మన వేసవి మధ్యాహ్నాలు 40 దాటడం మామూలే. అన్నట్టు... షాపులో టార్చి గారడీ చూసింది ఎక్కడ? చల్లటి ఏసీ గదిలో! గారడీ నిజమే. కానీ అది ఏసీ గది నిజం.

చలికాలంలో దీనికి తిరగేసిన ఇబ్బంది ఉంటుంది. చిల్లు చిన్నది కాబట్టి నీళ్లు త్వరగా పోవు. ఎండలో నల్లబడటానికి నిమిషం చాలు, నీడలో తెల్లబడటానికి మాత్రం చాలా నిమిషాలు పడుతుంది. ఎండలోంచి నేరుగా చీకటి గోడౌన్‌లోకో, సెల్లారు పార్కింగులోకో, మెట్ల మీదికో వెళ్లేటప్పుడు పెద్దవాళ్లు ఒక్క క్షణం ఆగి, జోడు తీసి చూసుకుని అడుగేయడం మంచిది.

కారులో ఎందుకు నల్లబడదు?

ఇది రెండో ఫిర్యాదు. కొట్టొచ్చినట్టు ఎండ కళ్లలో పడుతున్నా కారు నడిపేటప్పుడు లెన్సు తెల్లగానే ఉంటుంది. కారణం ముందరి అద్దం. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేస్తారు దాన్ని. మన కంటికి కనిపించే వెలుగును రానిస్తుంది, అతినీలలోహితాన్ని మాత్రం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. తలుపు తట్టేవాడే రాకపోతే అణువు ఎందుకు తెరుచుకుంటుంది?

బండి మీద వెళ్లేవాళ్లకూ ఇదే తంతు. హెల్మెట్ ముందరి వైజర్ చాలావాటికి పాలికార్బొనేట్‌తో చేస్తారు. అదీ అతినీలలోహితాన్ని అడ్డుకుంటుంది. వైజర్ దించుకుని వెళితే లోపల జోడు తెల్లగానే ఉంటుంది. అలాగని జోడు నల్లబడటం కోసం వైజర్ ఎత్తుకుని బండి నడపకండి! దుమ్మూ పురుగులూ కంట్లో పడటం కన్నా తెల్లటి జోడే నయం. అతినీలలోహితంతో పాటు ఊదారంగు వెలుగుకు కూడా స్పందించే రంగులు వాడిన లెన్సులు కొన్ని ఉన్నాయి. అవి కారులో కూడా కొంతమేర నల్లబడతాయి. ఎక్కువ సమయం స్టీరింగు ముందు గడిపేవాళ్లు అలాంటివి అడగొచ్చు. లేదా పవర్ వేయించిన మామూలు చలువద్దాలు విడిగా కారులోనే పెట్టుకోవచ్చు.

నల్లగా ఉంటేనే రక్షణా?

అన్నిటికంటే ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఇదే. నల్లదనం వేరు, రక్షణ వేరు. నల్లదనం కంటికి హాయి. రక్షణ అంటే అతినీలలోహితాన్ని లోపలికి రానివ్వకపోవడం. మంచి ఫొటోక్రోమిక్ లెన్సు తెల్లగా ఉన్నప్పుడు కూడా ఆ కిరణాల్ని ఆపేస్తుంది. కాబట్టి మే నెలలో అది సరిగ్గా నల్లబడకపోయినా, కంటికి కాస్త చిరాకు తప్ప రక్షణ పోయినట్టు కాదు.

రోడ్డు పక్కన దొరికే చవక నల్లద్దాల విషయంలో దీనికి సరిగ్గా వ్యతిరేకం జరగొచ్చు. చూడ్డానికి కారునలుపు. ఆ చీకటికి కంటిపాప పెద్దదవుతుంది. అద్దానికి అతినీలలోహితాన్ని ఆపే గుణం లేకపోతే, పెద్దదైన పాపలోంచి ఆ కిరణాలు ఇంకా ఎక్కువగా లోపలికి పోతాయి. ఏళ్ల తరబడి ఈ కిరణాలు సోకితే శుక్లాలు రావడానికి, కంట్లో కండ పెరగడానికి ఊతమిచ్చినట్టే. శుక్లాల వల్ల వచ్చే అంధత్వంలో 10 శాతం దాకా ఈ కిరణాల పాపమే కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. రోజంతా పొలంలో ఉండేవాళ్లు, మేస్త్రీలు, బండి మీద ఊరూరా తిరిగేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. వెడల్పు అంచున్న టోపీయో, తలపాగానో, గొడుగో తోడుంటే ఇంకా మేలు.

మన కంట్లోనూ ఇదే

ఇంత హంగామా చేసి మనిషి ప్లాస్టిక్‌లో ఇరికించిన ఈ ఏర్పాటు, ప్రకృతి ఎప్పుడో మన కంట్లోనే పెట్టింది. కంటి వెనక రెటీనాలో ఆప్సిన్ అనే మాంసకృత్తు ఉంటుంది. మాంసకృత్తులు కూడా ప్లాస్టిక్కుల్లాగే చిన్న అణువులు గొలుసుగా అల్లుకున్న పాలిమర్లే. ఆ అల్లికలో రెటినాల్ అనే రంగు అణువు వంగి కూర్చుని ఉంటుంది. వెలుగు తగలగానే నిటారుగా అయిపోతుంది. సెకనులో లక్ష కోట్లవ వంతు కన్నా తక్కువ సమయంలో! ఆ కదలికే మెదడుకు ‘వెలుగు’ అని కబురు పంపుతుంది. ఈ రహస్యం ఛేదించిన జార్జ్ వాల్డ్‌కు 1967లో నోబెల్ బహుమతి పంచారు.

ఆ రెటినాల్ తయారయ్యేది విటమిన్-ఎ నుంచి. అది తగ్గితే మొదట వచ్చేది రేచీకటి. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగానే పిల్లలకు విటమిన్-ఎ మోతాదు ఇచ్చే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు తినమని అమ్మమ్మలు చెప్పేది కంట్లో ఉన్న ఈ చిన్న గొడుగుల కోసమే మరి.

వెలుగుతో కదిలే ప్లాస్టిక్

రంగు మారడం ఒక్కటే కాదు, ఇలాంటి అణువులు ప్లాస్టిక్ చేత కసరత్తు కూడా చేయించగలవు. అజోబెంజీన్ అనే అణువు అతినీలలోహితం తగిలితే వంగుతుంది. రెండు కొసల మధ్య దూరం దాదాపు 0.9 నానోమీటర్ల నుంచి 0.55కు తగ్గుతుంది. తొమికి ఇకెడా బృందం వీటిని పాలిమర్ పొరలో వరసగా పేర్చింది. వెలుగు పడగానే పొర అంతా వంగింది. ఏ వైపు వంగాలో వెలుగు దిశతోనే చెప్పొచ్చని 2003లో చూపించారు. 2008లో అలాంటి పొరనే బెల్టులా చేసి, వైర్లూ బ్యాటరీలూ లేకుండా వెలుగుతోనే చిన్న చక్రాలు తిప్పారు. కళ్లజోడు దాటి కంటిలోపలికే వచ్చేసిన ఫొటోక్రోమిక్ కాంటాక్ట్ లెన్సుకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో అనుమతి ఇచ్చింది.

కొనేముందు నాలుగు మాటలు

ఇంటికీ బయటికీ రోజంతా తిరుగుతూ, మాటిమాటికీ జోడు మార్చలేనివాళ్లకు ఈ లెన్సులు సుఖమే. ఆటలాడే పిల్లలకూ బాగుంటాయి. నడివేసవిలో గంటల తరబడి ఎండలో ఉండేవాళ్లు మాత్రం దీన్నే నమ్ముకోకుండా పవర్ ఉన్న నల్లద్దాలు మరో జత చేయించుకోవాలి.

షాపులో టార్చి గారడీ చూసి ఆగిపోకండి. నమూనా లెన్సును వాకిట్లో ఎండలోకి తీసుకెళ్లి రెండు నిమిషాలు ఉంచి చూడండి. ‘యూవీ ఎంత ఆపుతుందో మిషన్ మీద పెట్టి చూపించండి’ అని అడగండి. చాలా షాపుల్లో ఆ చిన్న మిషన్ ఉంటుంది. మీది కారు ప్రయాణమో బండి ప్రయాణమో ముందే చెప్పండి.

ఇంకోటి, గొడుగును వేలసార్లు విప్పి మూస్తే ఊచలు వదులైనట్టే, ఈ అణువులూ అలిసిపోతాయి. ఆక్సిజన్ తగిలి కొన్ని పాడవుతాయి. రెండు మూడేళ్లు గడిచాక నల్లదనం తగ్గడం, నీడలో కూడా కాస్త పసుపు ఛాయ మిగలడం మామూలు. అనుమానమొస్తే ఇంట్లోనే చూసుకోవచ్చు. చల్లటి ఉదయం లెన్సులో సగం మీద నల్లకాగితం చుట్టి రెండు నిమిషాలు ఎండలో పెట్టండి. కాగితం తీస్తే రెండు సగాలకూ తేడా స్పష్టంగా కనిపించాలి. కనిపిస్తే జోడు ఇంకా పనిచేస్తున్నట్టే. కనిపించకపోతే మార్చే వేళయింది. అంతేగానీ, మే నెల మధ్యాహ్నం మాత్రం దానికి పరీక్ష పెట్టకండి. ఆ ఎండకు మనమే నిలవలేం, అణువులేం నిలుస్తాయి!